చిడతల్ని మింగేసిన బోర్డు

2-9-2004, గురువారం

ఈ డైరీ జనవరిలో ఆటో ప్రకటనల లోవరాజు ఇచ్చాడు. ఎరువుల కంపెనీది, ప్రతి పేజీకీ అడుగున ఒక పురుగుమందు బొమ్మ. ఎనిమిది నెలలు దీని అట్ట కూడా తిప్పలేదు. ఇవాళ తిప్పాను. ఇంట్లో మన మాటకి విలువ లేనప్పుడు కాగితానికైనా చెప్పుకోవాలి.

దుర్గాశ్రీ కొత్త కంప్యూటరు బిగించింది. నాకు చెప్పలేదు. నేను కోటిపల్లిలో పెళ్ళిపందిరికి మైకుసెట్టు కట్టి వచ్చేసరికి స్టూడియో బల్ల మీద కొత్త డబ్బా. నా పాత కంప్యూటరు నేలమీద, గోడవార, మీద తువ్వాలు కప్పి. పోయినవాళ్ళకి కప్పినట్టు.

"నా సౌండు కార్డు ఇందులో పెట్టావా?" అన్నాను.

"పెట్టక్కర్లేదు నాన్నా. దీంట్లో సౌండు బోర్డులోనే వచ్చేస్తుంది."

"నా కార్డు పెట్టు."

"పట్టదు నాన్నా. నీ కార్డుకి పొడుగ్గా నల్ల స్లాటు కావాలి. ఇప్పుడొచ్చే బోర్డులకి నల్ల స్లాటు లేదు, అన్నీ పొట్టి తెల్లవే."

లేదట. ఎవరు తీసేశారు, ఎవరినడిగి తీసేశారు? తొంభై ఏడులో మద్రాసు రిచీ స్ట్రీట్‌లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరిగి, హెడ్‌ఫోను పెట్టుకుని పదకొండు కార్డులు విని, అందులోంచి ఒకటి ఏరి, సర్కారు ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న కార్డు అది. జానెడు పైన పొడుగుంటుంది. చేత్తో పట్టుకుంటే ఒక వస్తువు పట్టుకున్నట్టుంటుంది. దాన్ని తువ్వాలు కింద తోసేసి, బోర్డు మీద చింతగింజంత ముక్క చూపించి ఇదే సౌండంటే నేను నోరు మూసుకోవాలా? డిగ్రీలో కంప్యూటర్లు చదివితే తాతకి దగ్గులు నేర్పొచ్చని ఎవరన్నారు?

పైగా ఎప్పుడు. సరిగ్గా వచ్చే నెల ఆరున మాణిక్యాంబ గారి రికార్డింగు పెట్టుకుని.

3-9-2004, శుక్రవారం

దాని బుర్రకి ఎంత చెప్పినా ఎక్కనిది ఇదీ: మాణిక్యాంబ గారు మళ్ళీ పాడరు. డెబ్బై నాలుగేళ్ళు. మోకాళ్ళు పోయాయి. యాభై ఏళ్ళు ద్రాక్షారామం నుంచి పట్టిసీమ దాకా నిలబడి హరికథ చెప్పిన మనిషి, ఇక గజ్జె కట్టనని మొన్న శివరాత్రికి చెప్పేశారు. రుక్మిణీ కల్యాణం ఒక్కటీ మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేయించి శిష్యుల చేతిలో పెట్టాలని ఆవిడ కోరిక. రాజమండ్రిలో ఏసీ స్టూడియో వాళ్ళు కారు పంపిస్తామన్నారట. "నా చిడతలు ఎలా మోగాలో చంద్రం చెవికి తెలుసు. వాడి దగ్గరే చేస్తాను" అన్నారట. ఈ మాట లోవరాజు మోసుకొచ్చాడు. విన్నాక నేను పెరట్లోకి వెళ్ళి కాసేపు ఊరికే నిలబడ్డాను.

ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ కథకి మైకు నాది. మిగతా మైకుసెట్టువాళ్ళు ఆంప్లిఫయరు దగ్గర బీడీ కాలుస్తూ కూర్చుంటారు. నేను కొబ్బరిచెట్టెక్కి హారన్ కట్టి, దిగే ముందు దాని నోట్లో తలపెట్టి వింటాను. ఏ ఊళ్ళోనూ వినకుండా దిగలేదు. అందుకే రామచంద్రపురంలో ఎవరినడిగినా "చంద్రరావు గారి చెవి" అంటారు గానీ చంద్రరావు గారి మైకు అనరు. ఈ ఇల్లు ఆ చెవి కట్టిన ఇల్లు.

ఇవాళ కొత్తదాంట్లో చిడతలు వాయించి రికార్డు చేసి చూశాను. మోగలేదు. చెక్కమీద చెక్క కొట్టినట్టు టక్కు టక్కుమంది. కొట్టిన తర్వాత పైన సన్నగా గలగలమని ఒకటి ఉంటుంది, అది లేదు. బోర్డు మింగేసింది.

"బాగానే ఉంది కదా నాన్నా" అంది దుర్గాశ్రీ.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని.

5-9-2004, ఆదివారం

దానితో మాటల్లేవు.

7-9-2004, మంగళవారం

తువ్వాలు తీసేశాను. పాతదాన్ని నేనే బల్లమీద పెట్టి, వైర్లన్నీ నేనే కలిపి, ఆన్ చేశాను. లేచింది. కార్డుకి దణ్ణం పెట్టుకుని చిడతలు వాయించాను.

బాగుంది. బాగానే ఉంది. మొదట కొంచెం చప్పగా అనిపించింది, సన్నపు చప్పుళ్ళ ట్రెబుల్ పెంచాను. ఇంకొంచెం పెంచాను. చివరి గీతదాకా పెంచాక కాస్త ప్రాణం వచ్చింది. కార్డు అంటే అదీ. పెంచితే పలుకుతుంది. బోర్డుకి పెంచినా పలకదు. అంటే నేను బోర్డుకి పెంచి చూడలేదనుకో. చూడక్కర్లేదు.

నలభై నిమిషాలు నడిచి బిగుసుకుపోయింది. మౌసు కదల్లేదు. మళ్ళీ ఆన్ చేశాను. ఈసారి అరగంట. దుర్గాశ్రీ మూత విప్పి లోపల చూపించింది. బోర్డు మీద చిన్న డబ్బాల్లాంటివి నాలుగు ఉబ్బి, పైన చీము కారినట్టు గోధుమరంగు కారింది. "కెపాసిటర్లు పోయాయి నాన్నా. హరికథ రెండున్నర గంటలు. మధ్యలో ఆగిపోతే ఆవిడ చేత మళ్ళీ పాడించగలవా?"

"ఆగదు" అన్నాను.

"ఎలా తెలుసు?"

"నాకు తెలుసు."

వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఏదో అంది. ఈ మధ్య ఈ ఇంట్లో అందరూ నోట్లో నోట్లో గొణుగుతున్నారు. తల్లీ అంతే, కూతురూ అంతే. మొహం మీద అనే ధైర్యం లేనివాళ్ళు గొణుగుతారు.

9-9-2004, గురువారం

ఫోను మోగడం లేదని పది రోజులుగా చెబుతున్నాను. ఎవరికీ పట్టదు. నేనే కంప్లయింటు రాసిచ్చాను. ఇవాళ లైన్‌మన్ వచ్చాడు. వరండాలో నిలబడి సెల్‌లోంచి మన నెంబరు కొట్టాడు.

"మోగుతుందండి" అన్నాడు.

"ఎక్కడ మోగుతోంది?"

అతను ఫోనుకేసి చూశాడు, నాకేసి చూశాడు, వంటింటి గుమ్మంలో ఉన్న వీరవేణికేసి చూశాడు. నా భార్య తల దించుకుంది. "ఆయ్, కొంచెం స్లోగా ఉందండి. పెంచేనండి" అని కింద ఏదో తిప్పి వెళ్ళిపోయాడు. ప్రభుత్వం జీతమిచ్చేది ఇందుకన్నమాట.

11-9-2004, శనివారం

ఇక లాభం లేదని నేనే పందెం కట్టాను. చిడతలు ఒకటే, వాయించేది నేనే, మైకు ఒకటే. ఒకసారి పాతదాంట్లో, కార్డు మీద. ఒకసారి కొత్తదాంట్లో, బోర్డు మీద. నేను గోడకేసి తిరిగి కూర్చుంటాను. ఏది ఏదో చెబుతాను. మూడింటికి మూడూ చెప్పకపోతే కార్డుని తీసుకెళ్ళి కాలవలో పడేస్తానన్నాను.

వీరవేణి కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప మీద కూర్చుంది.

దుర్గాశ్రీ మొదటిది వినిపించింది. "కార్డు" అన్నాను. రెండోది. "ఇదే నీ బోర్డు, వినపడట్లా, టక్కు టక్కుమని?" అన్నాను. అలా మూడుసార్లు, మార్చి మార్చి. మూడుసార్లూ అరక్షణం కూడా ఆలోచించలేదు.

తిరిగి చూశాను. దుర్గాశ్రీ కాగితం మీద రాసుకుంటోంది.

"ఎన్ని?" అన్నాను.

"వదిలెయ్ నాన్నా."

"ఎన్నో చెప్పు."

"మూడూ తిరగబడ్డాయి. నువ్వు కార్డు అన్నదల్లా బోర్డే."

"వైరు మార్చావు" అన్నాను. "నన్ను వెధవని చెయ్యడానికి వైరు మార్చావు. తల్లీకూతుళ్ళు కూడబలుక్కున్నారు." ఇంకా చాలా అన్నాను. రాయను. దుర్గాశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా ఎదురు చెప్పలేదు. ఎదురు చెబితే బాగుండేది. అది నోరు మూసుకుని నిలబడ్డకొద్దీ నాకు ఒళ్ళు మండింది.

కార్డుని కాలవలో పడెయ్యలేదు. మోసం జరిగిన పందెం పందెం కాదు.

12-9-2004, ఆదివారం

వైరు మార్చింది. కచ్చితంగా మార్చింది.

14-9-2004, మంగళవారం

పెరట్లో పిచ్చికలు కనపడుతున్నాయి గానీ అరవడం లేదు. సెల్ టవర్ల వల్ల అని పేపర్లో ఎవరో రాశారు. ఆ మాట వీరవేణితో అన్నాను. "ఔనండి" అని పెరట్లోకి చూస్తూ నిలబడింది. ఆ మనిషి ముప్ఫై ఏళ్ళలో నేనన్నదానికి అంత తొందరగా ఔననడం ఇదే మొదలు.

18-9-2004, శనివారం. వినాయక చవితి

నాలుగు పందిళ్ళకి మైకు. నాలుగో పందిట్లో ఒక పెద్దమనిషి వచ్చి, "చంద్రరావు గారూ, కొంచెం సన్నం తగ్గించండి బాబూ, చెవుల్లో సూదులు గుచ్చినట్టుంది" అన్నాడు. నాకు చెబుతున్నాడు. నాకు. "మీరు చెవి డాక్టరుకి చూపించుకోండి" అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆయన్ని చూసి నవ్వారనుకున్నాను.

20-9-2004, సోమవారం

లోవరాజు వచ్చాడు. కిందటేడు నవరాత్రులకి మనం చేసిచ్చిన భజనల సీడీ గీతలు పడిందట, ఈ ఏడు ఆటోలో వేసి ఊరంతా తిప్పడానికి ఇంకో కాపీ కావాలన్నాడు. "అలాంటి సీడీ కాకినాడలో కూడా చెయ్యలేరండి, అమ్మవారి గుడి గంటలు పక్కన మోగినట్టుంటాయి" అన్నాడు. దుర్గాశ్రీ వినాలని ఇంకోసారి చెప్పించుకున్నాను. అది ఇంట్లో లేదు. రాజమండ్రి వెళ్ళింది. పోనీలే.

నేనే పాతదాన్ని ఆన్ చేసి, నేను రికార్డు చేసుకున్న ఫైలు నా ఫోల్డరులోంచి తీసి సీడీ రాసిచ్చాను. కార్డు మీద చేసిన పని. విననీ ఊరంతా.

22-9-2004, బుధవారం

మధ్యాహ్నం లోవరాజు మళ్ళీ వచ్చాడు. సీడీ వేలికి తగిలించుకుని, చెప్పాలా వద్దా అన్నట్టు గుమ్మంలోనే ఆగాడు.

"ఏంటయ్యా?" అన్నాను.

"ఏం లేదండి. మీరేమనుకోకండి. ఇది ముందిచ్చినదిలా లేదండి. ఆటోలో వేసేసరికి జనం చెవులు మూసుకున్నారండి. గంటలు మేకులు గీసినట్టున్నాయండి. ఏదన్నా తేడా వచ్చిందేమోనండి."

"అదే ఫైలు" అన్నాను. "నీ ఆటోలో స్పీకరు పాడై ఉంటుంది."

"పాత సీడీ కూడా తెచ్చానండి. అక్కడక్కడా ఆగుతుంది గానీ, మీరే వినండి."

రెండూ వేశాను. నాకు కొత్తది బాగుంది. పాతది, మనం కిందటేడు ఇచ్చినది, దుప్పటి కప్పి వాయించినట్టుంది. ఇది నా చేతిలోంచి వెళ్ళిన సీడీయేనా అనిపించింది. కాదు. ఇంత చప్పగా నేను ఇవ్వను. అట్ట మీద మాత్రం నా స్టాంపు ఉంది.

లోవరాజుని పంపేశాను. దుర్గాశ్రీని పిలిచాను. కొత్త కంప్యూటరు ముందు కూర్చోబెట్టి రెండు సీడీలూ బల్ల మీద పెట్టి, "ఇది ఎవరు చేశారు?" అన్నాను.

అది సీడీలని పక్కకి జరిపింది. తర్వాత మౌసు పట్టుకుని ఒక ఫోల్డరు తెరిచింది. దాని పేరు "నాన్న". పక్కన ఇంకోటి తెరిచింది, దాని పేరు "ఇచ్చినవి". రెండింట్లోనూ అవే పేర్లు. భజనలు, బుర్రకథ, లోవరాజు ఆటో ప్రకటనలు, గుడి ప్రతిష్ఠ, అన్నవరం వ్రతాల సెట్టు. ఒక్కోదానికీ జోడీ.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాదిన్నర."

"ఏం చేస్తున్నావు వీటిని?"

"నువ్వు ట్రెబుల్ పెంచేస్తున్నావు నాన్నా. ఒక్కో దాంట్లో ఒక్కోలా కాదు, ప్రతిదాంట్లోనూ అదే. నువ్వు చేసింది నా దగ్గరికి తెచ్చుకుని, తగ్గించి, అది రాసి ఇస్తున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేవాడివి?"

అంత మాటంది నా కూతురు. నా స్టూడియోలో, నా కుర్చీలో కూర్చుని. ఏడాదిన్నరగా ఊరంతా మెచ్చుకుంటుంటే మీసం తిప్పుకున్నది నేను. చేసింది ఇది. నేను ఇచ్చిన ప్రతి సీడీ నా వెనకాల దిద్ది, నా స్టాంపు గుద్ది, నా చేతికే ఇచ్చి, నా చేతే పంపించింది. పిల్లాడికి పలక దిద్దిపెట్టినట్టు.

చేతికందిన సీడీల కట్ట గోడకేసి కొట్టాను. "ఈ చెవి తిండి తిని పెరిగావు. దీన్నే తప్పు పడతావా?" అన్నాను.

"తెలుసు నాన్నా" అంది. "అందుకే చెప్పలేదు."

లేచి, ముక్కలు ఏరి, చీపురు తెచ్చి ఊడ్చింది. నేను చూస్తూ నిలబడ్డాను.

వీరవేణి మీద పడ్డాను తర్వాత. నీకు తెలుసా అన్నాను. తెలుసంది. మరి ఆ కొత్త కంప్యూటరు ఎందుకు పెట్టనిచ్చావన్నాను. "పాతది ఎలాగూ పోతుందండి. 'నాన్న బోర్డుని తిట్టుకోనీ అమ్మా, ఆయన్ని ఆయన తిట్టుకోకుండా ఉంటే చాలు' అంది మీ అమ్మాయి."

నా మీద జాలి పడుతున్నారు. నేను చచ్చానా?

23-9-2004, గురువారం

దాని చెవే పాడైంది. హెడ్‌ఫోను పెట్టుకుని సినిమా పాటలు వినీ వినీ. నాకు తగ్గి కాదు, దానికి ఎక్కువై. అంతే అయ్యుంటుంది.

24-9-2004, శుక్రవారం

అంతే.

27-9-2004, సోమవారం

ద్రాక్షారామం వెళ్ళాను. మాణిక్యాంబ గారికి చెప్పేద్దామని. ఏం చెప్పాలో బస్సులో కూడబెట్టుకున్నాను: అమ్మగారూ, పాత కంప్యూటరు చెడిపోయింది, నా కార్డు పెట్టే బోర్డులు రావడం లేదు, కొత్త బోర్డు మీ చిడతల్ని మింగేస్తోంది, మీరు రాజమండ్రిలోనే చేయించుకోండి. తప్పంతా బోర్డుది. విన్నవాళ్ళెవరూ నన్ను వేలెత్తి చూపించలేరు.

ఆవిడ వరండాలో చాపమీద కాళ్ళు చాపుకుని, మోకాళ్ళకి తైలం రాసుకుంటున్నారు. నేను చెప్పిందంతా విన్నారు.

"బోర్డేంట్రా, అది తినడమేంట్రా?" అన్నారు.

"మీకు తెలీదండి అమ్మగారూ. మెషీన్ల సంగతి."

"నాకు మెషీన్లు తెలీవు. చిడతలు తెలుసు." లోపలికి కేకేస్తే శిష్యురాలు చిడతలు తెచ్చి ఇచ్చింది. ఆవిడ వేళ్ళకి తగిలించుకుని, తైలం చేతుల్తోనే ఒక చరణం ఎత్తుకుని వాయించారు. నా ఎదురుగా, మూరెడు దూరంలో.

గొంతు బాగుంది. డెబ్బై నాలుగేళ్ళకి ఆ గొంతు అలా ఉండడం అమ్మవారి దయ. చిడతలు టక్కు టక్కుమన్నాయి.

మధ్యలో కార్డు లేదు. బోర్డు లేదు. వైరు లేదు, మార్చడానికి దుర్గాశ్రీ లేదు.

"చిడతలు మార్చారా అమ్మగారూ?" అన్నాను.

ఆవిడ పాట ఆపేశారు. "నా పెళ్ళికి ముందు నుంచీ ఇవే కదరా."

ఇంకోసారి వాయించమన్నాను. వాయించారు. దగ్గరికి జరిగాను. ఇంకా దగ్గరికి. ఆవిడ చేతి మీద చెవి పెట్టినంత దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వాయిస్తూనే నా మొహంలోకి చూశారు. పక్కనున్న శిష్యురాలు తల అటు తిప్పుకుంది.

"ఎప్పటి నుంచిరా చంద్రం?" అన్నారు.

"బస్సుకి టైమైందండి" అని లేచి వచ్చేశాను. మంచినీళ్ళు కూడా తాగలేదు. బస్సు లేదు. ఉన్నా ఎక్కేవాణ్ణి కాదు. నడిచాను. దారి పొడుగునా తిట్టాను. ఎవర్ని తిట్టానో గుర్తు లేదు. హారన్ నోట్లో తలపెట్టి వినమని నాకెవరూ చెప్పలేదు. నేనే పెట్టాను. అదే నా గొప్ప అని ఊరంతా చెప్పుకున్నాను, ఈ పుస్తకంలో కూడా రాసుకున్నాను. మిగతావాళ్ళు దూరంగా కూర్చుని బీడీ కాల్చారు. వాళ్ళ చెవులు శుభ్రంగా ఉన్నాయి, ముండాకొడుకులకి.

30-9-2004, గురువారం

కాకినాడ వెళ్ళాను. ఇంట్లో మైకు వైర్లు కొనడానికని చెప్పాను.

చెవి డాక్టరు చూసి, పరీక్ష రాసి, పక్క గదికి పంపాడు. బీరువా అంత గది. లోపల స్టూలు, హెడ్‌ఫోను, చేతికి ఒక బటను. అద్దం అవతల ఒక అమ్మాయి కూర్చుంది, మా దుర్గాశ్రీ వయసే ఉంటుంది. "చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కండి బాబాయ్ గారూ. ముందు లావు చప్పుళ్ళు వస్తాయి, తర్వాత సన్నవి" అంది.

లావువి వినపడ్డాయి. నొక్కాను. కొంతసేపటికి ఏమీ రాలేదు. అద్దంలోంచి చూస్తే ఆ పిల్ల మోచెయ్యి కదులుతోంది. కదిలినప్పుడల్లా చప్పుడు పంపుతోందన్నమాట. కదిలినప్పుడల్లా నొక్కాను. కదిలింది, నొక్కాను. ఆ పిల్ల కాగితం మీద చుక్కలు పెడుతోంది. ఈ లెక్కన నా చెవులు రెండూ శుభ్రంగా ఉన్నాయని కాగితం వస్తుంది. దాన్ని పట్టుకెళ్ళి దుర్గాశ్రీ మొహాన కొట్టొచ్చు. రుక్మిణీ కల్యాణం నా చేత్తో, నా ట్రెబుల్‌తో చెయ్యొచ్చు. ఆవిడ శిష్యులు పది తరాలు దాన్ని చెవులు మూసుకుని వింటారు.

నొక్కడం ఆపేశాను.

"నేను మిమ్మల్ని చూసి నొక్కుతున్నానమ్మా. మళ్ళీ చెయ్యండి" అన్నాను. సిగ్గుతో చచ్చాను చెప్పడానికి. ఆ పిల్ల కొత్త కాగితం తీసుకుంది. నేను స్టూలు గోడకేసి తిప్పుకుని కళ్ళు మూసుకున్నాను.

లావువి వచ్చాయి. నొక్కాను. తర్వాత చప్పుడు లేదు. ఆ పిల్ల ఏదో సర్దుకుంటోందనుకున్నాను. చాలాసేపు చూశాను. బటను మీద వేలు చెమట పట్టింది. చివరికి విసుగొచ్చి, వెనక్కి తిరక్కుండానే, "ఇక సన్నవి మొదలుపెట్టండమ్మా" అన్నాను.

తలుపు తెరిచి నా భుజం మీద చెయ్యేసింది.

"అవి అయిపోయాయండి" అంది.

1-10-2004, శుక్రవారం

కాగితం టీవీ మీద పెట్టాను. ఎవరైనా చూసుకోండి.

వీరవేణి చూసింది. దుర్గాశ్రీ చూసింది. నేను అన్నం తింటూ అన్నాను, "ఆరో తారీకు కొత్తదాంట్లోనే. నువ్వే కూర్చో. పాతది మధ్యలో ఆగిపోతుంది."

"కార్డు మీద చేద్దామంటే కెపాసిటర్లు మార్పించుకొస్తాను నాన్నా, రాజమండ్రిలో మారుస్తారట" అంది.

"నాకు తేడా తెలీదే" అన్నాను. కంచం తోసేసి లేచాను. కోపమంతా అన్నం మీద చూపించానని తర్వాత వీరవేణి తిట్టింది. తిట్టడం మొదలుపెట్టినందుకు సంతోషించాను.

6-10-2004, బుధవారం

ఉదయం తొమ్మిదికి మాణిక్యాంబ గారు వచ్చారు. ఇద్దరు పట్టుకుని మెట్లెక్కించారు. వయొలిన్, మృదంగం ముందే వచ్చి కూర్చున్నారు. మైకు నేను పెట్టాను. ఆవిడ గొంతుకి ఎంత దూరం, చిడతల చేతికి ఎంత ఏటవాలు, మృదంగానికి చాప మడత ఎక్కడ, అవి నా చేతులకి తెలుసు. దుర్గాశ్రీ ఏదీ కదపలేదు. తర్వాత నేను గోడవార బల్ల మీద కూర్చున్నాను. నా కుర్చీలో అది కూర్చుంది.

మాణిక్యాంబ గారు కూర్చునే చెప్పారు. మధ్యలో ఒక్కసారి మంచినీళ్ళకి ఆగారు. రుక్మిణి కబురు పంపే చోట వయొలిన్ ఆయన కళ్ళు తుడుచుకోవడం చూశాను. నాకు ఆ కథ ప్రతి అక్షరం వచ్చు కాబట్టి, వినపడనిచోట గుర్తు చేసుకున్నాను. ఎక్కడ చిడతలు మోగాలో అక్కడ నాలోపల మోగించుకున్నాను. అది వినడం కాదు. నాకు తెలుసు. రెండున్నర గంటలూ పళ్ళు బిగపట్టుకునే కూర్చున్నాను, ఈ చెవులు పీకి అవతల పారెయ్యాలన్నంత కోపంతో.

అయిపోయింది. ఆవిడ చిడతలు ఒళ్ళో పెట్టుకుని, ముప్ఫై ఏళ్ళుగా కథ దిగగానే నన్ను అడిగే మాటే అడిగారు.

"ఎలా వచ్చిందిరా చంద్రం?"

కావాలనే అడిగారో, అలవాటుగా అడిగారో తెలీదు. అందరూ నాకేసి చూశారు. బాగా వచ్చిందండి అంటే ఎవరూ కాదనరు. దుర్గాశ్రీ అసలు కాదనదు. ఏడాదిన్నరగా కాదనలేదు.

"నాకు తెలీదండి అమ్మగారూ" అన్నాను. "మా అమ్మాయిని అడగండి."

ఆవిడ దుర్గాశ్రీ వైపు తిరిగారు.